తెలుగు తల్లి ఎప్పుడు పుట్టింది?

ఈ సంచికకు పిల్లల ఆరోగ్యం మీద ఏదైనా రాయమని సంపాదకులు అడిగారు. పిల్లల వైద్యులం కాబట్టి అడగడం న్యాయమే. కానీ పోయిన ఏడాది దసరా రిహార్సల్లో ఒక చిన్నపిల్ల వేసిన ప్రశ్నకు మేము జవాబు బాకీ ఉన్నాము. జ్వరాలు, టీకాల సంగతి మరో సంచికలో చూద్దాం. ముందు ఆ బాకీ తీర్చుకుంటాము.

జరిగింది చాలామందికి తెలుసు. పిల్లల వేషాల ప్రదర్శనకు ఒక తల్లి తన పాపకు తెలుగు తల్లి వేషం అనుకున్నారు. విజయవాడ నుంచి పట్టు పావడా, కిరీటం తెప్పించారు. ఇంకొక తల్లి, "అయితే మా పాప తెలంగాణ తల్లి వేస్తుంది" అన్నారు. కార్యక్రమంలో ఒకే తల్లికి చోటుందని ఒకరు, ఇద్దరూ ఉండాల్సిందేనని ఒకరు. మధ్యలో సిద్దిపేట నుంచి ఆ పాప మేనమామ ఫోను చేసి, తెలంగాణ తల్లికి కిరీటం పెట్టాలా వద్దా అని మరో చర్చ లేవదీశారు. వాట్సాప్ గ్రూపు వారం రోజులు మూగబోయింది. చివరికి "ఎందుకొచ్చిన గొడవ" అని రెండు వేషాలూ తీసేశారు. పిల్లలిద్దరూ సీతాకోకచిలుకలై ఎగిరి వెళ్ళిపోయారు.

అందరూ తీర్పు కోసం మా వైపు చూశారు, ఎందుకంటే మా ఇంట్లోనే రెండు రాష్ట్రాలున్నాయి. మేము పుట్టింది ఒంగోలు, మా వారిది కరీంనగర్. ఆ గందరగోళంలోనే సీతాకోకచిలుకల్లో ఒకతి మా చెయ్యి పట్టుకుని, "డాక్టర్ ఆంటీ, వీళ్ళిద్దరిలో అక్క ఎవరు, చెల్లి ఎవరు?" అని అడిగింది. పెద్దవాళ్ళను అడగమన్నాము. "మీరే కదా పెద్దవాళ్ళు" అంది.

రోగి ఎదురుగా కూర్చోగానే మేము మొదట అడిగేది "ఎప్పటినుంచి?" అని. మందు సంగతి తర్వాత. ఈ తల్లుల విషయంలో ఆ మొదటి ప్రశ్నే మనం ఎవరమూ అడగలేదు. ఇప్పుడు అడుగుదాం.

భూదేవి వేరు, దేశమాత వేరు

నేలను తల్లి అనడం మనకు కొత్త కాదు. అథర్వవేదం పన్నెండో కాండలో భూమి సూక్తం ఉంది. 63 మంత్రాలు. అందులో ఋషి భూమిని తల్లిగా, తనను ఆమె కొడుకుగా చెప్పుకుంటాడు. పొద్దున్నే మంచం దిగేముందు కాలు మోపుతున్నందుకు భూదేవిని క్షమించమని అడగడం మన అమ్మమ్మలు నేర్పారు. సీతమ్మ నాగటి చాలులో దొరికింది. అయితే ఆ భూదేవికి పొలిమేర లేదు. ఆమె మీద కాలు పెట్టడానికి వీసా అక్కర్లేదు. ఒంగోలు నేలా ఆమే, మస్కట్ కొండలూ ఆమే.

పొలిమేర ఉన్న అమ్మలు మన ఊళ్ళలో వేరే ఉన్నారు. పోలేరమ్మ, ఎల్లమ్మ, మైసమ్మ, గంగమ్మ. ఈమె ఈ ఊరి తల్లి, ఈ హద్దు లోపల ఉన్నవాళ్ళను కాస్తుంది. కీడును హద్దు దాటించి పంపుతుంది. వైద్యులుగా మాకు ఈ అమ్మవార్ల మీద ప్రత్యేకమైన ఆసక్తి. మశూచి వస్తే "అమ్మవారు పోసింది" అనేవారు. రోగమూ ఆమే, మందూ ఆమే. భారతదేశంలో 1975 తర్వాత మశూచి లేదు, 1980లో ప్రపంచం మొత్తం మీద పోయిందని ప్రకటించారు. రోగం పోయింది కానీ అమ్మవారు పోలేదు, జాతర ఆగలేదు. ఒక అవసరం కోసం వచ్చిన అమ్మ ఆ అవసరం తీరాక వేరే అర్థంతో అక్కడే కూర్చుంటుంది. దీన్ని కాస్త గుర్తుపెట్టుకోండి.

మన వ్యాకరణంలోనూ ఒక తమాషా ఉంది. రాముడు వచ్చాడు అంటాం. సీత వచ్చింది అంటాం. దేశం బాగుపడింది అంటాం. ఏకవచనంలో ఆడమనిషికీ దేశానికీ తెలుగు ఒకే క్రియ వాడుతుంది. ఇది ఆడవారికి మర్యాద కాదని మా అమ్మాయి వాదిస్తుంది, ఆ వాదనలో న్యాయం లేకపోలేదు. కానీ దేశాన్ని తల్లిని చేయాలనుకున్న కవికి ఇది ఎంత సులువో చూడండి. క్రియ మార్చే పనే లేదు.

ఇంత ఉన్నా, ఒక దేశానికి ఒక స్త్రీ ముఖం, ఒక చీర, చేతిలో ఫలానా వస్తువు అని బొమ్మ గీయడం మాత్రం మనకు ఇటీవలి అలవాటే. మిగతా ప్రపంచంలో ఇది ఎలా మొదలైందో కొంచెం చూసి వద్దాం.

కత్తి పట్టిన అమ్మ

మేము వైద్యం చదివింది రష్యాలో, వోల్గోగ్రాడ్‌లో. ఒకప్పటి స్టాలిన్‌గ్రాడ్. హాస్టల్ నుంచి కాలేజీకి ట్రాములో వెళ్తుంటే మమాయెవ్ దిబ్బ మీద ఒక ఆడమనిషి విగ్రహం కనిపించేది. 1967లో పూర్తి చేశారు, శిల్పి వుచేతిచ్. పైకెత్తిన ఖడ్గంతో కలిపి 85 మీటర్లు. పేరు 'మాతృభూమి పిలుస్తోంది'. కిందినుంచి పైకి వెళ్ళే దారిలో 200 మెట్లు, 200 రోజులు సాగిన యుద్ధానికి గుర్తుగా. మొదటి ఏడాది చలికి వణుకుతూ ఆ మెట్లెక్కినప్పుడు మాకు దుర్గమ్మే గుర్తుకొచ్చింది. తెలియక చెప్పులు విప్పబోయాము కూడా. మా వెంట ఉన్న సీనియర్లు నవ్వారు. మంచు మీద చెప్పులు విప్పితే వేళ్ళు మిగలవన్నారు.

మే 9న ముసలమ్మలు పూలు తెచ్చి అక్కడ పెట్టి వెళ్ళేవారు. దండం పెట్టరు, కొబ్బరికాయ కొట్టరు, ఏమీ కోరుకోరు. ఏడుస్తారు, అంతే. ఆ అమ్మ దేవత కాదని వాళ్ళకు బాగా తెలుసు. ఆ బొమ్మను ఎవరు చేశారో, ఏ ఏడాది చేశారో తెలుసు. అయినా వాళ్ళ కన్నీళ్ళు తక్కువ కాలేదు. బొమ్మ పుట్టిన తేదీ తెలిస్తే భక్తి పోతుందని భయపడేవాళ్ళకు మేము ఈ సంగతే చెబుతాము.

మిగతావి త్వరగా చెప్పుకుందాం. ఇంగ్లండు వారి బ్రిటానియా బొమ్మ నిజానికి వాళ్ళు వేసుకున్నది కాదు. వాళ్ళను జయించిన రోమన్లు, హేడ్రియన్ చక్రవర్తి కాలంలో, తమ నాణేల మీద వేసిన బొమ్మ. 1672లో రెండో చార్లెస్ రాజు రాగి నాణేల మీద ఆమె మళ్ళీ వచ్చింది, ఈసారి గర్వంగా. ఫ్రాన్సులో రాజును దించాక రాజముద్ర మీద రాజు బొమ్మ ఉండకూడదు కదా, 1792లో ఆ చోటులో ఒక స్త్రీని నిలబెట్టారు. అరబ్బు ప్రపంచంలో కూడా ఉంది. కైరోలో 1928లో ఆవిష్కరించిన 'ఈజిప్టు మేలుకొలుపు' శిల్పంలో ఒక పల్లెటూరి స్త్రీ మేలిముసుగు తొలగిస్తూ నిలబడి ఉంటుంది. పక్కన సింహం ఒళ్ళు, మనిషి తల ఉన్న స్ఫింక్స్. మనం ఉంటున్న ఒమాన్‌కు మాత్రం అలాంటి స్త్రీమూర్తి లేదు. ఇక్కడి చిహ్నం ఖంజరు, దాని వెనుక రెండు కత్తులు.

కలకత్తా నుంచి గోదావరికి

మన దేశంలో ఈ కథ బెంగాల్లో మొదలవుతుంది. 1873లో కిరణ్‌చంద్ర బందోపాధ్యాయ 'భారత మాత' అనే నాటకం రాశారు. 1882లో బంకించంద్ర ఛటర్జీ 'ఆనందమఠ్' నవల వచ్చింది, అందులోనే వందేమాతర గీతం ఉంది. 1905 అక్టోబరు 16న బెంగాల్ విభజన అమల్లోకి వచ్చింది. ఆ ఉద్యమపు రోజుల్లోనే అవనీంద్రనాథ్ టాగూర్ ఒక బొమ్మ వేశారు. కాషాయ వస్త్రం కట్టుకున్న ఒక యువతి. నాలుగు చేతులు. ఒక చేత వరి కంకులు, ఒక చేత తెల్లని బట్ట, ఒక చేత తాళపత్ర గ్రంథం, ఒక చేత జపమాల. అన్నం, బట్ట, చదువు, దీక్ష. ఆయుధం ఒక్కటీ లేదు. ముందు ఆమెకు 'వంగమాత' అని పేరు పెట్టారు, అంటే బెంగాల్ తల్లి. ఆ తర్వాత 'భారత మాత' అన్నారు. అదే బొమ్మ, అదే ముఖం, పేరు మాత్రం మారింది. ఒక ప్రాంతపు తల్లి దేశపు తల్లి కావడానికి పట్టింది అంతే.

1907 ఏప్రిల్లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చారు. ఆయన ఇంగ్లీషులో మాట్లాడుతుంటే చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు తెలుగులో చెప్పారు. ఆ సందర్భంలోనే చిలకమర్తి వారు ఆశువుగా ఒక పద్యం చెప్పారు, మనలో పెద్దవాళ్ళు చాలామందికి ఇప్పటికీ నోటికి వచ్చు. ఆ పద్యంలో భారతదేశం సింహవాహిని కాదు, నాలుగు చేతుల దేవి కాదు. పాడి ఆవు. మనం ఆ ఆవు దూడలం. తెల్లవాళ్ళు గడుసు గొల్లవాళ్ళు, దూడల మూతులు కట్టి పాలు పితుక్కుంటున్నారు.

మాకు ఈ ఆవు అంటే చాలా ఇష్టం. బెంగాలీ చిత్రకారుడికి యోగిని కనిపించిన చోట గోదావరి కవికి పెరట్లో ఆవు కనిపించింది. వినేవాళ్ళలో చదువురాని రైతుకు కూడా అర్థమైపోయింది, దూడ ఆకలి ఏమిటో అతనికి రోజూ తెలుసు. పాల్ వచ్చి వెళ్ళాక రాజమండ్రి విద్యార్థులు వందేమాతరం అన్నందుకు శిక్షలు పడ్డాయి. గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారిని కాలేజీ నుంచే పంపేశారు.

ఆ తర్వాత 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. మద్రాసు రాజధానిలో తెలుగువారికి వేరే రాష్ట్రం కావాలన్న మాట గట్టిపడింది. కవుల నోట, పత్రికల్లో 'ఆంధ్రమాత' అన్న పేరు వాడుకలోకి వచ్చింది. (గోంగూరను ఆంధ్రమాత అనడం వేరే శాఖ. దానిమీద మన సంఘంలో ఇంతవరకు భేదాభిప్రాయాలు లేవు.)

పక్కవాళ్ళనూ చూడాలి. తమిళులు 1891లో సుందరం పిళ్ళై నాటకం 'మనోన్మణీయం' నాటికే భాషను దేవతగా స్తుతించారు. ఆ స్తుతినే 1970లో తమిళనాడు ప్రభుత్వ గీతంగా తీసుకున్నారు. తమిళ తల్లి అంటే ప్రధానంగా తమిళ భాషే. కన్నడిగులు తమ నాడదేవిగా భువనేశ్వరిని కొలుస్తారు. అంటే అంతకుముందే గుడి ఉన్న అమ్మవారికే ఆ బాధ్యత అప్పగించారు. మన తెలుగు తల్లి ఈ రెండు రకాలూ కాదు. ఆమె పేరు భాష పేరు. చేతుల్లో ఉన్నవి మాత్రం పొలంలో పండిన కంకులు, కలశం. పేరు నోటిది, చేతులు నేలవి. మన తగాదాల మూలం ఇక్కడే ఉందని మా అనుమానం. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

మల్లెపూదండ పాట

తెలుగు తల్లిని ఇంటింటికీ చేర్చింది బొమ్మ కాదు, పాట. రాసింది శంకరంబాడి సుందరాచారి గారు. 1914లో పుట్టారు, తిరుపతి వారు. పేరున్న కవి కాకముందు హోటల్లో సర్వరుగా, రేణిగుంట స్టేషన్లో కూలీగా పనిచేసిన మనిషి. 1942లో వచ్చిన 'దీనబంధు' సినిమా కోసం ఈ పాట రాశారు. సినిమాలో దానికి చోటు దొరకలేదని చెబుతారు. టంగుటూరి సూర్యకుమారి గారు పాడగా గ్రామఫోను రికార్డుగా వచ్చింది, సినిమా కంటే వందరెట్లు ఎక్కువ కాలం బతికింది. సూర్యకుమారి గారు మా ఒంగోలు ప్రాంతపు ప్రకాశం పంతులు గారి తమ్ముడి కూతురు, ఆ గర్వం మాకు కొంచెం ఉంది.

సంవత్సరం గమనించండి, 1942. అప్పటికి ఆంధ్ర రాష్ట్రం లేదు. అది రావడానికి ఇంకా పదకొండేళ్ళు, ఒక పొట్టి శ్రీరాములు గారి ప్రాణం పట్టింది. పాటలో పేర్లు తలచుకోండి. రుద్రమ్మ ఓరుగల్లు నుంచి ఏలింది, 1942లో ఆ ఊరు నిజాం రాజ్యంలో ఉంది. కృష్ణరాయలు, తిమ్మరుసుల విజయనగరం ఈనాడు కర్ణాటకలో ఉంది. త్యాగయ్య పాడింది తిరువయ్యారులో, అది తమిళనాడు. తిక్కన నెల్లూరు వారు, ఆయన ఒక్కరే కాస్త ఇంటిపట్టున ఉన్నారు. ఏ రాష్ట్రపు సరిహద్దులో పెట్టినా ఆ పాట పట్టదు. సుందరాచారి గారు దండ వేసిన తల్లి భాష అనే తల్లి. ఆ భాష మాట్లాడినవాళ్ళు, ఆ భాషలో పాడినవాళ్ళు, దాన్ని పోషించినవాళ్ళు ఎక్కడ ఉంటే అక్కడికి ఆమె చీర కొంగు పరుచుకుంది.

ఇంకొకటి కూడా. ఉద్యమకాలంలో తెలుగువారి పత్రికలు, సినిమాలు, పెద్ద ఉద్యోగాలు చాలావరకు మద్రాసులో ఉన్నాయి. అక్కడ తెలుగువారు అద్దె ఇంట్లో ఉన్నట్టు ఉండేవారు. బయటి రాష్ట్రాలవాళ్ళు అందరినీ కలిపి 'మద్రాసీ' అనేవారు. ఇల్లు దాటి బయట ఉన్నవాడికే అమ్మ ముఖం ఎక్కువగా గుర్తుకొస్తుంది. మస్కట్లో పదిహేనేళ్ళుగా ఉంటున్న మాకు ఇది ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. సూర్యకుమారి గారు కూడా తర్వాత లండన్ వెళ్ళి స్థిరపడ్డారు, 2005లో అక్కడే కన్నుమూశారు. ఆమె పాడిన అమరావతి శిల్పాల్లో కొన్ని కూడా లండన్‌లోనే ఉన్నాయి, బ్రిటిష్ మ్యూజియంలో. పాడిన గొంతూ వలస వెళ్ళింది, పాడిన రాయీ వలస వెళ్ళింది.

1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాయి. పాట బళ్ళలోకి, సభల్లోకి వచ్చి రాష్ట్ర గీతమైంది. 1975లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిగాయి. 1982 తర్వాత ఆత్మగౌరవం అన్న మాటతో పాటు తెలుగు తల్లి రాజకీయ వేదికల మీదికి కూడా ఎక్కింది. తిరుపతిలో సుందరాచారి గారి పేరుతో ఒక కూడలి ఉంది, విగ్రహం ఉంది. సెలవుల్లో కొండకు వెళ్ళేటప్పుడు పిల్లలకు చూపించండి. ఆయన 1977లో పోయారు.

కిరీటం, కంకులు, బతుకమ్మ

ఇప్పుడు కష్టమైన చోటికి వచ్చాము.

పాటలోని తల్లి భాష అయితే, విగ్రహంలోని తల్లికి చీర కట్టాలి, నగలు పెట్టాలి, చేతిలో ఏదో ఒక పంట పెట్టాలి. శిల్పి వరి కంకులు పెట్టాడు. మా వారు చిన్నప్పుడు కరీంనగర్ దగ్గర పల్లెలో ఆ బొమ్మను బడి గోడ మీద చూసి, "ఈమె పొలంలో జొన్న ఎందుకు లేదు, మక్కజొన్న ఎందుకు లేదు?" అనుకున్నారట. వాళ్ళ అమ్మగారు మెడలో వేసుకునే గుండుపూసలు ఆమె మెడలో లేవు. తొమ్మిది రోజులు వాళ్ళ వాకిళ్ళలో ఆడే బతుకమ్మ ఆమె దగ్గర లేదు. భాష తనదే, ఆ అమ్మ మాత్రం పొరుగింటి పెద్దమ్మలా ఉందని ఆయన అంటారు. పెళ్ళయిన కొత్తలో ఈ మాటకు మేము చాలా వాదించాము. ఇప్పుడు వాదించము. ఆయన అన్నది నిజమే.

2000 తర్వాత ఊపందుకున్న తెలంగాణ ఉద్యమంలో తెలంగాణ తల్లి బొమ్మ ఊరూరా వచ్చింది. తలమీద కిరీటం, ఒక చేత బతుకమ్మ, మరో చేత మక్కజొన్న కంకులు. 2011 మార్చి 10న హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీద పలు విగ్రహాలు కూలాయి. కవులవి, రాజులవి. ఆ సాయంత్రం ఇక్కడ మా ఇంట్లో టీవీ ముందు మేమిద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. మా ఇద్దరికీ కోపం వచ్చింది, ఒకే విషయం మీద కాదు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. తర్వాత ఆ విగ్రహాలూ మళ్ళీ లేచాయి.

2024లో అందెశ్రీ గారి గీతాన్ని తెలంగాణ రాష్ట్ర గీతంగా తీసుకున్నారు. అదే ఏడాది డిసెంబరు 9న, అంటే 2009లో కేంద్రం రాష్ట్ర ఏర్పాటు ప్రకటన చేసిన తేదీనాడే, సచివాలయంలో తెలంగాణ తల్లి కొత్త విగ్రహం ఆవిష్కరించారు. ఈమెకు కిరీటం లేదు. ఆకుపచ్చ చీర, మెడలో కంటె, గుండుపూసల హారం. కుడిచేయి అభయం ఇస్తోంది, ఎడమచేతిలో వరి, జొన్న, సజ్జ, మొక్కజొన్న. అమ్మ మన ఇంటి మనిషిలా ఉందని కొందరు సంతోషించారు. చేతిలో బతుకమ్మ ఏదని కొందరు బాధపడ్డారు. సిద్దిపేట మేనమామ ఫోను వెనుక ఉన్న కథ ఇదే. పాత బొమ్మ చూసి పెరిగిన ఉద్యమకారుడికి కొత్త బొమ్మ ముఖం కొత్తగానే ఉంటుంది. ఏది సరైనదో తేల్చే అర్హత మాకు లేదు. కానీ ఇరవై ఏళ్ళలోనే ఒక తల్లి మన కళ్ళముందు చీర మార్చింది, కిరీటం తీసింది, కొత్త పంట పట్టుకుంది. ఇవన్నీ మనుషులు కూర్చుని, వాదించుకుని, నిర్ణయించినవి. అవనీంద్రనాథ్ బొమ్మకు పేరు మారడమూ ఇలాంటిదే.

పేరు నోటిది, చేతులు నేలవి అన్నాము కదా. 2014లో నేల పంచుకున్నాం. నీళ్ళు, ఆస్తులు, ఉద్యోగులను పంచుకున్నాం. భాషను పంచుకోవడం ఎవరికీ చేతకాలేదు. మా ఇంట్లో మాత్రం 'ఆనపకాయ', 'సొరకాయ' అన్న పేర్ల దగ్గర కొంత ప్రయత్నం జరుగుతూ ఉంటుంది.

అయితే అక్క ఎవరు? బొమ్మ వయసు చూస్తే తెలుగు తల్లే పెద్దది. కానీ రుద్రమ్మను ముందు కన్నది ఓరుగల్లు. మేము ఆ పాపకు ఇదే చెప్పాము. ఆమె ఒప్పుకోలేదు, "అంటే కవలలా?" అంది. ఆ జవాబు మాకు తట్టలేదు.

కొలువులో ఏ మెట్టు?

మరొక ప్రశ్న పోయినసారి పెద్దలే అడిగారు. ఈ తల్లుల బొమ్మలను బొమ్మల కొలువులో పెట్టవచ్చా? హారతి ఇవ్వవచ్చా?

మా అభిప్రాయం చెబుతాము. పురోహితుల మాట వేరైతే వారి మాటే వినండి. ఈ విగ్రహాలకు ఆగమం లేదు, ప్రాణప్రతిష్ఠ లేదు, బీజాక్షరం లేదు. అందువల్ల వీరు దుర్గ, లక్ష్మి, సరస్వతుల వరుసలో కూర్చునేవారు కారు. కొలువులో పై మెట్లు దేవతలవి, ఆ కింద ఋషులు, భక్తులు, ఇంకా కింద రైతు, కుమ్మరి, పెళ్ళి బొమ్మలు, గాంధీగారు. ఆ గాంధీగారి మెట్టు మీద వీరిని పెట్టుకుందాం. ఇది చిన్నచూపు కాదు. ఆ మెట్టు మనుషులు కష్టపడి సంపాదించుకున్న వాటి మెట్టు.

ఇలా వేరు చేయడానికి మాకు ఇంకో కారణం కూడా ఉంది. 1937లో కాంగ్రెస్ వారు సభల్లో వందేమాతరం మొదటి రెండు చరణాలే పాడాలని నిర్ణయించారు. తర్వాతి చరణాల్లో దుర్గాదేవి పేరు వస్తుంది, ముస్లిం సోదరులకు అది పూజ అవుతుంది. 1936లో కాశీలో గాంధీగారు ప్రారంభించిన భారతమాత మందిరంలో విగ్రహమే లేదు. పాలరాతిలో చెక్కిన దేశపటం ఉంది. శివప్రసాద్ గుప్తా గారు కట్టించారు. కాశీ వెళ్ళినవాళ్ళు విశ్వనాథుడిని చూసి తిరిగి వచ్చేస్తారు, దాన్నీ ఒకసారి చూడండి. తెలుగు తల్లి పాటలో ఏ దేవుడి పేరుతోనూ ఆ చిక్కు లేదు. మా క్లినిక్‌లో ఎక్స్‌రే తీసే గుంటూరు ముస్లిం అబ్బాయి ఆ పాట మా అందరికంటే శ్రుతిగా పాడతాడు. మన ఉగాది కార్యక్రమంలో పాడింది కూడా అతనే. తల్లిని దేవత మెట్టు ఎక్కిస్తే అతను పాడలేడు. మెట్టు దించితే పాడతాడు. మాకైతే అతని పాట కావాలి.

ఈ ఏడాది ఏం చేస్తున్నాం

ఈసారి రెండు వేషాలూ ఉన్నాయి. పోయిన ఏడాది సీతాకోకచిలుకలే ఈసారి తల్లులు. ఎవరు ముందు వేదిక ఎక్కాలన్నది పిల్లలే చీటీలు వేసుకుని తేల్చుకున్నారు, పెద్దవాళ్ళను గదిలోంచి బయటకు పంపేశారు. తెలంగాణ తల్లికి కిరీటం వద్దని, చేతిలో బతుకమ్మ మాత్రం కావాలని ఆ పాపే నిర్ణయించింది. అంటే రెండు బొమ్మలూ కలిపి మూడోది చేసింది. మేనమామగారు ఫోనులో కాసేపు ఆలోచించి సరే అన్నారట. తంగేడు, గునుగు పూలు ఇక్కడ దొరకవు కాబట్టి బతుకమ్మను బంతి, చామంతులతో పేరుస్తున్నాం. పూలు తేగలిగినవారు శుక్రవారం ఉదయం రిహార్సల్‌కు తెండి.

జొన్న కంకులు ఎక్కడా దొరకవనుకున్నాం. మాతో పనిచేసే ఒమానీ నర్సు వాళ్ళ నాన్నగారికి బర్కా దగ్గర తోట ఉంది, మేకలకు జొన్న వేస్తారు. ఆమె ఒక మోపు కంకులు కారులో వేసుకొచ్చి, ఎవరు తింటారని అడిగింది. తినడానికి కాదు, అమ్మ చేతిలో పెట్టడానికి అన్నాము. ఏ అమ్మ అని అడిగింది. పావుగంట పట్టింది చెప్పడానికి. ఇక తెలుగు తల్లి చేతిలోకి వరి కంకులు. మన సభ్యుల్లో ఒకరి ఇంటి బాల్కనీలో నెల్లూరు నుంచి తెచ్చిన వరి కుచ్చు వేలాడుతుంటే అడిగి తీసుకున్నాం. సగం గింజలు అప్పటికే పిచ్చుకలు తినేశాయి. మిగిలిన సగాన్ని ఎర్ర దారంతో దగ్గరగా కట్టాము. దూరం నుంచి చూస్తే నిండుగానే ఉంది.